మన్నిక లెక్కను కొనేవాడికీ చూపించండి

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖ మంత్రి గారికి, ఆ శాఖ అధికారులకు నమస్కారం.

నేను నంద్యాలలో ఉంటాను. డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతాను. లెక్కలు రాయడం, సరిచూడడం నా వృత్తి. ఈ లేఖలో కూడా ఒక లెక్క గురించే అడగబోతున్నాను. మన దేశంలో అమ్ముడవుతున్న ఏ కారు ఎంత తరచుగా చెడిపోతోంది, ఏ భాగం దగ్గర చెడిపోతోంది అనే లెక్క అది. కంపెనీల దగ్గర ఆ లెక్క ఉంది. మీరు అడిగితే మీ చేతికి వస్తుంది. ఏళ్ల తరబడి కూడబెట్టిన డబ్బు పోసి, పైన అప్పు చేసి కారు కొనే మనిషికి మాత్రం దొరకడం లేదు.

ముందు నాకు జరిగింది చెబుతాను. కంపెనీ పేరు, షోరూం పేరు రాయను. ఒకరి మీద కసి తీర్చుకోవడానికి కూర్చుని రాస్తున్న లేఖ కాదు. ఇదే బాధను వేరే కంపెనీల కార్లతో పడ్డవాళ్లు మా స్టాఫ్ రూములోనే ముగ్గురున్నారు.

మూడేళ్ల కిందట డీజిల్ కారు కొన్నాం. డీజిల్ ఇంజను ఎక్కువ కాలం మన్నుతుందని అందరూ చెప్పారు. షోరూంలో కూర్చోబెట్టి రంగు ఏది కావాలన్నారు, అప్పు ఎంత కావాలన్నారు, సీటు కవర్లు ఏవి వేయమంటారన్నారు. రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారని ఎవరూ అడగలేదు. మా ఇంటి నుంచి కాలేజీకి నాలుగు కిలోమీటర్లు. ఆ ఒక్క ప్రశ్న అడిగి, నిజం చెప్పి ఉంటే నేను ఆ కారు కొనేవాడిని కాదు.

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా వాహనాల పొగకు హద్దు పెట్టే బీఎస్-6 ప్రమాణాలు వచ్చాయి. మధ్యలో ఉన్న బీఎస్-5ను దాటేసి నేరుగా అక్కడికి వెళ్లాం. మంచి నిర్ణయం. మన నగరాల గాలి పీల్చేవాళ్లెవరూ దాన్ని తప్పు పట్టరు. ఆ ప్రమాణాలను అందుకోవడానికి డీజిల్ కార్ల పొగ వెళ్లే దారిలో మసిని పట్టే ఫిల్టరు పెట్టారు. మెకానిక్‌లు డీపీఎఫ్ అంటారు. మసి నిండాక కారు దాన్ని తనంతట తానే కాల్చి శుభ్రం చేసుకోవాలి. అందుకు ఫిల్టరు బాగా వేడెక్కాలి. అంటే కారు కొంతసేపు ఆగకుండా, ఒక మోస్తరు వేగంతో పోతూ ఉండాలి. నాలుగు కిలోమీటర్లు వెళ్లి ఆపేసే కారులో ఆ పని సగంలోనే ఆగిపోతుంది. మసి పేరుకుంటుంది. దాన్ని కాల్చడానికి అదనంగా చిమ్మిన డీజిల్‌లో కొంత ఇంజను ఆయిల్‌లోకి దిగుతుంది. ఆయిల్ పలచబడుతుంది. కొలపుల్ల తీసి చూస్తే రోజులు గడిచేకొద్దీ తగ్గాల్సిన ఆయిల్ పెరిగి కనిపిస్తుంది. ఇదంతా నేను కష్టపడ్డాక నేర్చుకున్నాను. అమ్మిన వాళ్లకు అమ్మే రోజుకే తెలుసు.

కొన్న ఏడాదికి, గిద్దలూరులో పెళ్లి చూసుకుని రాత్రి తిరిగి వస్తున్నాం. దిగువమెట్ట దాటి నల్లమల ఘాట్‌లో ఉండగా డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగింది. కాసేపటికి ఎంత తొక్కినా కారు లాగడం మానేసింది. ఇంజను పాడవకుండా కారే తన బలాన్ని తగ్గించుకుంటుందని తర్వాత చెప్పారు. వెనక సీట్లో డెబ్బై ఆరేళ్ల మా అత్తగారు, నా భార్య, నిద్రపోతున్న ఇద్దరు పిల్లలు. దారిలో ఆగిపోతే ఫోను చేయమని కంపెనీ ఇచ్చిన నంబరు నా దగ్గర ఉంది. ఫోనులో సిగ్నల్ లేదు. అది పెద్దపులి తిరిగే అడవి. అటుగా వచ్చిన ఒక లారీ డ్రైవరు ఆపి, మా చక్రాల వెనక రాళ్లు పెట్టి, మా వాళ్లను క్యాబిన్‌లో ఎక్కించుకుని గాజులపల్లెలో భద్రంగా దించాడు. డబ్బు ఇవ్వబోతే నా భార్య చేతిని వెనక్కి నెట్టాడట. నేను తెల్లవారేదాకా కారులోనే ఉన్నాను. ఆ డ్రైవరు పేరు అడగడం కూడా మరిచిపోయాను. ఆ విషయం ఇప్పటికీ బాధిస్తుంది.

సర్వీస్ సెంటర్‌లో చెప్పిన మాట ఇది: "లోపం బండిది కాదు సార్, మీరు నడిపే తీరుది. వారానికోసారి హైవే మీద ఒక రౌండు వేసుకు రండి." మిషను పెట్టి ఫిల్టరు కాల్చారు, ఆయిల్ మార్చారు, బిల్లు చేతిలో పెట్టారు. వారంటీలో ఉన్న కారుకే. నడిపే తీరు వల్ల వచ్చిన సమస్య వారంటీ కిందికి రాదన్నారు. గత రెండేళ్లలో ఆ కారు ఆరుసార్లు అదే సమస్యతో అక్కడికి వెళ్లింది. కారు ఇచ్చిన ప్రతిసారీ సమస్య ఏమిటో, ఏం చేశారో సర్వీస్ సెంటర్ రాసే కాగితాలు, అంటే జాబ్‌కార్డులు, ఆరూ నా దగ్గర ఉన్నాయి. మూడింటి మీద "సాధారణ తనిఖీ" అని రాశారు. రెండింటి మీద "లోపం కనిపించలేదు" అని రాశారు. ఒకే ఒక్క దాని మీద, నేను అక్కడే నిలబడి పట్టుబట్టినందుకు, నేను చెప్పిన మాట చెప్పినట్టు రాశారు. అడవిలో ఆగిపోయిన నాటి కార్డు "సాధారణ తనిఖీ" వాటిలోనే ఉంది. కామర్స్ మాస్టరుగా నాకు ఇది ఎంత పెద్ద విషయమో తెలుసు. మొదటి చిట్టాలో పడని పద్దు ఏ ఖాతాలోనూ కనిపించదు.

మా నాన్నగారు అంబాసిడర్ ట్యాక్సీ నడిపేవారు. నంద్యాల, కర్నూలు, ఒక్కోసారి తిరుపతి. డిక్కీలో ఫ్యాన్ బెల్టు, ప్లగ్గులు, ఒక క్యాను నీళ్లు, పాత గుడ్డ ఎప్పుడూ ఉండేవి. మే నెల ఎండలో పెట్రోలు ఆవిరై బండి ఆగితే పంపు మీద తడిగుడ్డ వేసి, బీడీ ఒకటి కాల్చి, మళ్లీ స్టార్ట్ చేసేవారు. బండి చెడిపోదని ఆయన ఏనాడూ అనుకోలేదు. చెడిపోతే పాణ్యంలోనో ఓర్వకల్లులోనో చింతచెట్టు కింద ఉన్న మెకానిక్ బాగుచేస్తాడని మాత్రం గట్టిగా నమ్మేవారు. ఆ నమ్మకం ఆయనను మోసం చేయలేదు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక జనం కోరుకునేది మారింది. పొద్దున తాళం తిప్పగానే స్టార్ట్ కావాలి, ఊరికి బయల్దేరితే చేరాలి. ఆ ఆశను మాకు మేము కల్పించుకోలేదు. కార్ల కంపెనీలే మంచి కార్లు చేసి అలవాటు చేశాయి. ఆ మంచి పనికి నేను వాళ్లకు దణ్ణం పెడతాను. అయితే ఆ దారిలో మా నాన్న నమ్మకం చేజారింది. ఇవాళ్టి కారు చెడిపోవడం తక్కువ. చెడిపోతే మాత్రం చింతచెట్టు కింద మెకానిక్ చేయి పెట్టలేడు. దాన్ని చదివే స్కానరు అతని దగ్గర లేదు, అసలు విడిభాగం అతనికి అమ్మరు.

ఇది నా ఊహ కాదు. అంబాసిడర్ తయారీ ఆగిపోయిన 2014లోనే, ఆగస్టులో, కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు మొత్తం 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. విడిభాగాలను, లోపాలను కనిపెట్టే పరికరాలను, మరమ్మతు వివరాలను బయటి మెకానిక్‌లకు అందకుండా బిగించి పెట్టారన్నదే అభియోగం. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. తర్వాత 2022 డిసెంబరులో వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు పోర్టల్ తెరిచింది, అందులో వాహన రంగాన్నీ చేర్చింది. మా ఊరి షెడ్లలో మాత్రం నా కారు బానెట్ ఎత్తి చూసి, "దీన్ని కంపెనీకే తీసుకెళ్లండి సార్" అని మూసేస్తున్నారు. ఒకే తలుపు మిగిలినప్పుడు ఆ తలుపు దగ్గర ఏం రాసి పంపితే అదే చరిత్ర అవుతుంది.

ఇక కాలం లెక్క చూడండి. నా కారుకు కంపెనీ ఇచ్చిన వారంటీ మూడేళ్లు. బ్యాంకు అప్పు ఏడేళ్లు, 84 వాయిదాలు. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు. రాష్ట్ర ప్రభుత్వం జీవితకాల పన్ను ముందే కట్టించుకుంది. కారు పదిహేనేళ్లు ఉంటుందని ప్రభుత్వం నమ్ముతోంది, కనీసం ఏడేళ్లు విలువ నిలుస్తుందని బ్యాంకు నమ్ముతోంది. తయారు చేసినవాడు మాత్రం మూడేళ్లకు మించి మాట ఇవ్వడం లేదు. ఆ పైన కావాలంటే ఎక్స్‌టెండెడ్ వారంటీ అని విడిగా అమ్ముతున్నాడు.

ఆ ఎక్స్‌టెండెడ్ వారంటీ దగ్గర ఒక్క నిమిషం ఆగమని వేడుకుంటున్నాను. నాలుగో ఏడాదికి ఇంత, ఐదో ఏడాదికి ఇంత, పెట్రోలుకు ఒక ధర, డీజిల్‌కు ఒక ధర, గేర్లు తనంతట మారే కారుకు ఇంకో ధర. ఈ ధరలు ఎక్కడి నుంచి వచ్చాయి? వెయ్యి కార్లు తీసుకుంటే నాలుగో ఏట ఎన్నింటికి గేర్‌బాక్స్ పోతుంది, ఎన్నింటికి టర్బో పోతుంది, బాగుచేయడానికి ఎంతవుతుంది అని తెలియకుండా ఎవరూ ఆ ధర కట్టలేరు. బీమా పాఠం చెప్పేటప్పుడు నేను రెండో సంవత్సరం పిల్లలకు చెప్పేది ఇదే. ధర ఉందంటే దాని వెనక లెక్క ఉంది. నేను ఏ కారు కొనాలో తేల్చుకోలేక నెలల తరబడి బంధువులను, డ్రైవర్లను, పెట్రోలు బంకులో కుర్రవాళ్లను అడిగి తిరిగింది ఆ లెక్క కోసమే. అది షోరూం గోడకు అవతల సిద్ధంగా ఉంది.

మీ శాఖ చేసిన మంచి పని ఒకటి ఇక్కడ గుర్తుచేయాలి. 2014 మొదట్లో, కార్లను గుద్దించి భద్రతకు నక్షత్రాలు ఇచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన మార్కెట్‌లో బాగా అమ్ముడవుతున్న ఐదు చిన్న కార్లను గోడకు గుద్ది చూపించింది. ఐదింటికీ సున్నా నక్షత్రాలు. ఆ బొమ్మలు చూసి దేశం ఉలిక్కిపడింది. 2023 అక్టోబరు నుంచి మీరే అలాంటి పరీక్షను భారత్ ఎన్‌క్యాప్ పేరుతో నడుపుతున్నారు. ఇప్పుడు మా కాలేజీ అటెండరు కూడా పాత కారు కొనబోయే ముందు "ఎన్ని స్టార్లు?" అని అడుగుతున్నాడు. జనం అడగడం మొదలుపెట్టాక కంపెనీలు కారు బాడీని గట్టిపరిచాయి, ఎయిర్‌బ్యాగులు పెంచాయి. గుద్దితే ప్రాణం నిలుస్తుందా అన్నదానికి నక్షత్రాలున్నాయి. ఫ్రిజ్ కరెంటు ఎంత తాగుతుందో చెప్పడానికి నక్షత్రాలున్నాయి. అర్ధరాత్రి అడవిలో ఆగిపోకుండా ఇంటికి చేరుస్తుందా అన్నదానికి ఏమీ లేదు.

లోపమున్న కార్లను కంపెనీయే వెనక్కి పిలిచి సరిచేసే రీకాల్ చట్టం ఉంది కదా అనవచ్చు. ఉంది, సంతోషం. 2012 నుంచి కంపెనీలు స్వచ్ఛందంగా చేస్తున్న పనిని 2019లో మోటారు వాహనాల చట్ట సవరణతో బాధ్యతగా మార్చారు. 2021 ఏప్రిల్ నుంచి నిబంధనలు అమలులో ఉన్నాయి. అమ్మిన వాహనాల సంఖ్యను బట్టి ఇన్ని ఫిర్యాదులు దాటితే విచారణ, మాట వినకపోతే 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా. కానీ ఆ నిబంధనలు ఏడేళ్లలోపు వాహనాలకే. లోపమంటే రోడ్డు భద్రతకో పర్యావరణానికో ముప్పు తెచ్చేది. నా కారు విషయంలో భద్రతకు ముప్పు ఏముందని ఎవరైనా అంటే, ఆ రాత్రి ఘాట్ మలుపులో దీపాలు వెలిగించుకుని, ఎదురుగా ఒక్కో లారీ వచ్చినప్పుడల్లా ఊపిరి బిగబట్టిన నా గురించి ఆలోచించమంటాను. ఇంకో మాట. మీ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాలనుకున్న మనిషికి, తన మోడల్ మీద ఇప్పటికే ఎందరు అదే ఫిర్యాదు పెట్టారో కనిపించాలి. అలా కనిపిస్తేనే తాను ఒంటరి కానని తెలుస్తుంది. నన్ను రెండేళ్లు కుంగదీసింది డబ్బు నష్టం కంటే "మీరు నడిపే తీరు" అన్న ఆ మాటే.

వినియోగదారుల కమిషన్ దారి కూడా చూశాను. మా బంధువుల్లో ఒక లాయరు ఉన్నారు, ఓపికగా వివరించారు. కారు మార్చి ఇమ్మని అడగాలంటే తయారీ లోపం ఉందని రుజువు చేయాలి. అందుకు నిపుణుడి నివేదిక కావాలి. పరీక్ష రుసుము ముందుగా ఫిర్యాదుదారు చేతే కట్టించవచ్చు. 2006లో మారుతి కేసులో సుప్రీంకోర్టు, వారంటీ షరతుల ప్రకారం లోపమున్న భాగాన్ని బాగుచేయడమో మార్చడమో చేస్తే చాలని, కారు మొత్తం మార్చనక్కరలేదని తేల్చింది. షరతుల్లో రాసుకున్నదాన్ని బట్టి చూస్తే కోర్టును తప్పు పట్టలేం. ఆ షరతులు రాసింది ఒక్క పక్షమే. సంతకం పెట్టేటప్పుడు ఒక అక్షరం మార్చమని అడిగే చోటు మాకు లేదు. అలాంటి చోట చట్టమే మా తరఫున మాట్లాడాలి. అమెరికాలో కనెటికట్ రాష్ట్రం 1982లో ఆ పని మొదలుపెట్టింది. తర్వాత అన్ని రాష్ట్రాలూ చేశాయి. కొత్త కారులో ఒకే లోపాన్ని ఇన్నిసార్లు సరిచేయలేకపోయినా, ఇన్ని రోజులు షెడ్డులోనే పడి ఉన్నా, కారు మార్చాలి లేదా డబ్బు వెనక్కి ఇవ్వాలి. చాలా చోట్ల ఆ సంఖ్యలు నాలుగు సార్లు, 30 రోజులు. లెక్కపెట్టగలిగే నియమం అది. అక్కడ నిపుణుడికంటే ముందు జాబ్‌కార్డులు మాట్లాడతాయి.

మా తమ్ముడు టెక్సాస్‌లో ఉంటాడు. పోయినేడు వాడు పాత కారు కొనేటప్పుడు నేను ఫోనులోనే ఉన్నాను. ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ వెబ్‌సైటు తెరిచి, ఆ మోడల్, ఆ సంవత్సరం కొడితే, యజమానులు రాసిన ఫిర్యాదులు వరసగా వచ్చాయి. ఎన్ని మైళ్ల దగ్గర ఏం జరిగిందో వాళ్ల మాటల్లోనే. వాడు పది నిమిషాలు చదివి, ఆ కారు వదిలేసి వేరేది చూసుకున్నాడు. ఒక కంపెనీ టైర్లు పగిలి జనం చనిపోయిన తర్వాత 2000లో అక్కడ చట్టం చేశారు. వారంటీ క్లెయిముల లెక్కలను, ఫిర్యాదుల లెక్కలను కంపెనీలు ఎప్పటికప్పుడు ప్రభుత్వానికి పంపాలి. ఇంగ్లండులోనైతే నంబరు ప్లేటు కొడితే చాలు, రోడ్డు మీద తిరగడానికి తగునా అని ఏటేటా చేసే పరీక్షలో ఆ కారు పాసైందో లేదో, తప్పితే ఎందుకు తప్పిందో ఉచితంగా కనిపిస్తుంది. మన దగ్గర సొంత కారుకు 15 ఏళ్లదాకా అలాంటి పరీక్షే లేదు. కాబట్టి మన లెక్క జాబ్‌కార్డుల నుంచి, వారంటీ క్లెయిముల నుంచే రావాలి.

పెట్రోలు సంగతి క్లుప్తంగా చెబుతాను. మా సహోద్యోగి కారు 2017 నాటిది. దానితో వచ్చిన పుస్తకంలో పది శాతం ఇథనాల్ దాకా సరే అని ఉంది. బంకులో ఇప్పుడు దొరికేది 20 శాతం కలిపినది. పాత కార్లలో మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని 2021 నాటి నీతి ఆయోగ్ నివేదికలోనే ఉంది. 20 వేల నుంచి 30 వేల కిలోమీటర్లు తిరిగాక కొన్ని రబ్బరు భాగాలు మార్చుకోవాల్సి రావచ్చని పెట్రోలియం శాఖ 2025లో చెప్పింది. చెరకు, మొక్కజొన్న రైతుకు మేలు జరిగితే నాకూ సంతోషమే. ఆ భాగాల ఖర్చు ఎవరిది, వాటివల్ల ఇంజను పాడైతే వారంటీ ఎవరు ఇస్తారు అన్నది మాత్రం కాగితం మీద స్పష్టంగా రాయండి. నా ఫిల్టరుదీ ఇదే కథ. దేశం గాలి కోసం ప్రభుత్వం పెట్టమన్న భాగం అది. అలాంటి భాగాన్ని "వాడకం తీరు" పేరుతో వారంటీ నుంచి తప్పించే వీలు ఉండకూడదు. అమెరికాలో ఉత్ప్రేరక కన్వర్టరు లాంటి ముఖ్యమైన కాలుష్య నివారణ భాగాలకు 8 ఏళ్లు లేదా 80 వేల మైళ్ల వారంటీని చట్టమే తప్పనిసరి చేసింది.

నేను పరిశ్రమకు వ్యతిరేకిని కాదు. మా సీమలోనే పెనుకొండ దగ్గర 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. మా కాలేజీలో చదివిన పిల్లలు కొందరు ఆ చుట్టుపక్కల ఉద్యోగాల్లో ఉన్నారు, ఇళ్లకు డబ్బు పంపుతున్నారు. మంచి కారు చేసే కంపెనీకి ఈ లెక్క బయటపడితే లాభమే తప్ప నష్టం లేదు. ఇవాళ గట్టి గేర్‌బాక్స్ చేసినవాడూ, నాసిరకం చేసినవాడూ ఒకే రకం ప్రకటన వేసి ఒకే ధరకు అమ్ముకుంటున్నారు.

మీరు చేయగలిగిన పనులు నాకు తోచినంతలో ఇవి. ప్రతి కంపెనీ ఏటా మోడల్ వారీగా, తయారీ సంవత్సరం వారీగా, వెయ్యి కార్లకు ఎన్ని వారంటీ మరమ్మతులు జరిగాయో భాగాలవారీగా మీకు ఇవ్వాలి, మీరు దాన్ని వాహన్ పోర్టల్‌లో అందరికీ పెట్టాలి. దారిలో ఆగిపోయి లాక్కెళ్లాల్సి వచ్చిన కార్ల సంఖ్య విడిగా ఉండాలి. జాబ్‌కార్డులో యజమాని చెప్పిన మాటను అతని భాషలో, తెలుగైతే తెలుగులోనే, చెప్పినది చెప్పినట్టు రాయడం తప్పనిసరి చేయాలి. దాని నకలు రాసిన రోజే చేతికి ఇవ్వాలి. అసలు అన్నిటికంటే ఈ జాబ్‌కార్డు నియమమే ముఖ్యమని నాకనిపిస్తుంది, దీనికి ఖర్చు కూడా లేదు. అమ్మేటప్పుడు కొనేవాడి రోజువారీ తిరుగుడు ఎంతో అడిగి, ఆ ఇంజను అతనికి పనికొస్తుందో లేదో రాసి సంతకం పెట్టించాలి. డీజిల్ ఫిల్టరు విషయం ఆ కాగితంలో మొదటి వరసలో ఉండాలి.

నా ఆరు జాబ్‌కార్డుల నకళ్లను తేదీల వారీగా పేర్చి మీ శాఖకు స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. "సాధారణ తనిఖీ" అని రాసిన మూడింటి వెనక, ఆ రోజు నేను వాళ్లకు ఏం చెప్పానో నా చేతిరాతతో రాసి, తేదీ వేశాను. ఛాసిస్ నంబరు ఆరింటి మీదా ఉంది. కంపెనీ రికార్డులో ఆ నంబరు ఎదురుగా ఏం రాసి ఉందో ఒక్కసారి తెప్పించి, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఇట్లు,
నంద్యాల నుంచి ఒక కారు యజమాని